తెగులు మందుల బస్తాలు – వాటిని మోయు చేతులు

(మునిర్కాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో పంట తెగుళ్ళ ప్రసంగమేమిటని కొందరు మిత్రులు మమ్ములను అడిగినారు. ఈ మునిర్కా సందులలో పొలము కనబడదు, నిజమే. కాని మనలో పలువురి అన్నదమ్ములు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో నేటికిని పొగాకు వేయుచున్నారు. వారి పొలమునకు చేరు మందు ఫ్యాక్టరీ నుండి తనంతట తాను నడచిపోదు. బస్తాను ఎత్తువాడు, దింపువాడు, బుక్ చేయువాడు ఉండవలెను గదా! వారి కొరకే ఈ నాలుగు మాటలు.

పొగాకు విత్తనము ఆవగింజ కన్న ఎంతో చిన్నది. దానిని నేరుగా పొలములో చల్లరు. ఎత్తు మళ్ళలో నారు పోసి పెంచుదురు. నారు ఒత్తుగానుండి, తడి ఆరక, మబ్బు పట్టెనా, నారుకుళ్ళు తెగులు తగులును. మొక్కల మొదళ్ళు మెత్తబడి మడి మడియే చాపవలె వ్రాలిపోవును. దీనికి పాత మందు బోర్డో మిశ్రమము. ఫ్రాన్సులో బోర్డో ఆచార్యుడు మిల్లార్డే 1885లో దీనిని లోకమునకు తెలిపినాడు. దారిన పోవువారు పండ్లు కోయకుండ ద్రాక్షరైతులు బాట ప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము చల్లుచుండగా, బూజు తెగులు వచ్చిన ఏట ఆ తీగలకే ఆకులు నిలిచినవట. ఒక శాతము మిశ్రమమునకు 100 లీటర్ల నీటిలో ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము. మెరుగు పెట్టిన కత్తిని అందులో ముంచినప్పుడు ఎర్రని రాగి పూత పడినచో సున్నము చాలలేదన్నమాట. చదువురానివాడు కూడ చేయగల పరీక్ష అది.

తరువాత మాంకోజెబ్, కార్బెండజిమ్, మెటలాక్సిల్ వంటి కంపెనీ మందులు వచ్చినవి. వీనికి కత్తి పరీక్ష లేదు. చీటీ చదువవలసినదే.

చదువలేకపోయినచో ఏమగును? 1971-72లో ఇరాక్ దేశమున ఏమయినదో చూడుడు. పాదరసపు శిలీంధ్రనాశకము పట్టించిన విత్తు ధాన్యము మెక్సికో, అమెరికాల నుండి ఓడలలో వచ్చినది. హెచ్చరికలు స్పానిషులోను, ఇంగ్లీషులోను ఉన్నవి. పలుచోట్ల సరకు చేరునప్పటికే విత్తుకాలము దాటిపోయినది. ఎర్రరంగు కడిగినచో విషము కూడ పోవునని తలచి, జనులు ఆ గింజలు విసరి రొట్టెలు చేసికొనినారు. ప్రభుత్వపు లెక్క ప్రకారము 6,530 మంది ఆసుపత్రులలో చేరగా 459 మంది మరణించినారు.

మన దేశమునకును ఇట్టి అనుభవము కలదు. 1958 ఏప్రిల్, మే నెలలలో కేరళ, మద్రాసు రాష్ట్రములలో ఆహారమున పారాథియాన్ కలిసి వందమందికి పైగా చనిపోయినారు. అది శిలీంధ్రనాశకము కాదు, పురుగుమందు. కాని విషము తిండిలో కలిసినది పొలములో కాదు, రవాణాలో. ఆ విచారణ ఫలితముగనే 1968 పురుగుమందుల చట్టము వచ్చినది. పేరు పురుగులదే అయినను శిలీంధ్రనాశకములు, కలుపుమందులు కూడ దాని పరిధిలోనివే.

1971 నాటి నియమములలో 35వ నియమము మనది. రైలులో పంపు మందుల మూటలు రెడ్ టారిఫ్ షరతుల ప్రకారము కట్టియుండవలెను. తిండి గింజలకు, పశువుల దాణాకు తగులునట్లు ఉంచరాదు. మందు కారినచో తక్షణము చర్య తీసికొను బాధ్యత రవాణా సంస్థది. చీపురిచ్చి హమాలీని పంపుట చర్య కాదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

డబ్బాపై కొనమీద నిలిపిన చతురస్రము ఉండును. ఎరుపు అతి విషము. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. మాంకోజెబ్ సంచిపై సాధారణముగ ఆకుపచ్చయే కనబడును. ఆ రంగు కొలిచినది ఒక్కమారు లోనికి పోయిన మందు ఎంతలో చంపుననునది మాత్రమే. ఏండ్ల తరబడి పొడి పీల్చువాని సంగతి అది చెప్పదు. మాంకోజెబ్ విచ్ఛిన్నమైనచో ఎథిలీన్ థయోయూరియా పుట్టును. అది థైరాయిడ్ గ్రంథికి హాని చేయును. విదేశపు కొనుగోలుదారు పొగాకు ఆకులో మందు అవశేషమెంతయని పరీక్షించును. కూలివాని రక్తము పరీక్షించువారు అరుదు.

తపాలా సోదరులకు ఒక మాట. అపాయకరమైన పదార్థములను తపాలాలో పంపరాదని 1898 చట్టమే నిషేధించినది. దాని స్థానమున 2023 చట్టము 2024 జూన్ 18 నుండి అమలునకు వచ్చినది. కాని విత్తనముల పొట్లములు వచ్చుచునే ఉండును. సంచి చినిగి గులాబి రంగు గింజలు రాలినచో అవి మందు పట్టించినవని గ్రహించి, ఒట్టి చేతులతో తీయకుడు. ఆ చేతులతోనే టిఫిన్ డబ్బా విప్పకుడు.

ఈ మందులను రిజిస్టరు చేయు సంఘము మునిర్కాకు దాపుననే, ఫరీదాబాదులో ఉన్నది. చీటీపై హిందీ, ఇంగ్లీషులతో పాటు ప్రాంతీయ భాష ఉండవలెనని నియమమే చెప్పుచున్నది. ఆ తెలుగు అక్షరములు భూతద్దము లేకుండ చదువగలిగినంత పెద్దవిగా ఉండవలెనని, పార్శిల్ ఆఫీసులకు, గూడ్స్ షెడ్లకు చేతితొడుగులు, ముఖకవచములు ఇవ్వవలెనని రెండు వినతిపత్రములు సిద్ధము చేసినాము. ఒకటి ఫరీదాబాదుకు, ఒకటి రైల్వే బోర్డుకు. కాగితములు ఈ బల్లపైననే ఉన్నవి. సంతకముతో పాటు పనిచేయు స్టేషను, ఆఫీసు పేరు కూడ వ్రాయవలెనని కోరుచున్నాము.