క్షయకు లొంగని అక్షరం: అలిశెట్టి ప్రభాకర్

జనవరి 12వ తేదీ అలిశెట్టి ప్రభాకర్ జయంతి; వర్ధంతి కూడ ఆనాడే. 1954లో జగిత్యాలలో జన్మించిన ఆ కవి 1993లో, సరిగా ముప్పది తొమ్మిదేండ్లు నిండిననాడు, హైదరాబాదులో క్షయవ్యాధితో కన్నుమూసినారు. ఆయనను కన్నులారా చూడనివారికి సైతం ఆయన పరిచితులే. ఆ కవితలు ఇంటి మనిషివలె చనువుగా గడప దాటి వచ్చినవి.

ప్రభాకర్ మొదట చిత్రకారులు. జీవిక కొరకు ఛాయాగ్రాహకులైనారు. జగిత్యాలలో పూర్ణ, కరీంనగరంలో శిల్పి, హైదరాబాదులో చిత్రలేఖ ఆయన నడిపిన స్టూడియోలు. ఏ గీత చాలునో చిత్రకారునికి తెలుసు. ఏ క్షణాన మీట నొక్కవలెనో ఛాయాగ్రాహకునికి తెలుసు. ఈ రెండు విద్యలూ ఆయన కవితకు అబ్బినవి. నాలుగైదు పంక్తులలో ఒక బ్రతుకును పట్టి చూపగలిగినారు. 1978 నాటి 'ఎర్ర పావురాలు' మొదలు ఆయన కవిత పేదల పక్షాన నిలిచినది. ఆంధ్రజ్యోతి దినపత్రికలో 'సిటీ లైఫ్' శీర్షికన వచ్చిన చిట్టికవితలలో మహానగరపు ఇరుకు, ఆకలి, ఒంటరితనం కనిపించును. బోడుప్పల్‌లోనో నాచారంలోనో అద్దెగదిలో తలదాచుకొని పనికి పోవువారికి అవి నేటికీ పాతబడలేదు.

దేహం క్షీణించుచున్నను ఆయన వ్రాయుట మానలేదు. 'సిటీ లైఫ్' 1992లో పుస్తకరూపం దాల్చినది. మరుసటి జనవరికి కవి లేరు.

క్షయక్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే లోకానికి చూపినారు. 1993 నాటికి ఆరు నెలల చికిత్సయు వాడుకలోనికి వచ్చినది. అయినను మందుతోపాటు తిండి, విశ్రాంతి, నిశ్చింత కావలెను. పేదరికం ఈ మూడింటినీ హరించును. ఆయన మరణించిన ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయను ప్రపంచవ్యాప్త అత్యవసర సమస్యగా ప్రకటించినది.

నేడు ప్రభుత్వ వైద్యశాలలలో కఫపరీక్ష, మందులు ఉచితం. పోషకాహారం కొరకు రోగికి నెలకు 1000 రూపాయలు కూడ ఇచ్చుచున్నారు. రెండు వారాలు మించి దగ్గు వదలనిచో పరీక్ష తప్పదు. ఒంట్లో కాస్త నెమ్మదించినదని మందు నడుమ మానినచో, క్రిములు ఆ మందుకు లొంగని మొండితనం నేర్చును.

శ్రోతలారా, ప్రభాకర్‌ను తలచుకొన్ననాడు ఆయన సంపుటి ఒకటి తెరచి ఇంటిల్లిపాదీ చదువుకొందము. పొరుగింట ఎవరైనా విడువక దగ్గుచున్నచో, వెంట ఉండి వైద్యశాలకు తోడ్కొని పోదము.