ముక్కుమొగము తెలియనివారు పంపిన చెక్కు
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఎరువులను గురించి, పురుగులను గురించి వినవలెనని వచ్చిన మీకు ఈ పూట నేనొక కాగితపు ముక్కను గురించి చెప్పబోవుచున్నాను. ఆశ్చర్యపడవద్దు. ఎండకు వానకు ఓర్చి పండించిన పంట సొమ్ము ఒక్క సంతకముతో చేయిజారిపోవచ్చును. పురుగు తిన్న పైరులో కొంతయినా మిగులును. మోసగాడు తిన్నచోట గింజ కూడ మిగలదు. కనుక ఇదికూడ సస్యరక్షణలో ఒక భాగమే అనుకొనండి.

విషయమిది. ఒకనాడు తపాలావాడు మీ ఇంటికి ఒక కవరు తెచ్చి ఇచ్చును. విప్పి చూడగా మీ పేరున లక్ష రూపాయలకో, లక్షన్నరకో ఒక చెక్కు ఉండును. పంపినవారు ఎవరో మీరెరుగరు. వారికి మీరు ధాన్యము అమ్మలేదు, అప్పు ఇవ్వలేదు. అప్పుడేమి చేయవలెను?

"అడగందే అమ్మయినా పెట్టదు" అని పెద్దలమాట. అడగకుండ లక్ష రూపాయలు పంపినవాడు ఎందుకు పంపినాడో తెలియువరకు ఆ చెక్కును బ్యాంకులో వేయకూడదు. దానిని నమ్మి చేతిలోని రూపాయిని ఒక్కటికూడ బయట పెట్టకూడదు. నేను చెప్పబోవు దంతయు ఈ రెండు మాటలకు వివరణయే.

చెక్కు రొక్కము కాదు

కరెన్సీ నోటుకు రిజర్వు బ్యాంకు పూచీ ఉన్నది. చెక్కుకు అటువంటి పూచీ లేదు. "నా ఖాతానుండి ఫలానావారికి ఇంత సొమ్ము ఇవ్వవలసినది" అని ఒక ఖాతాదారు తన బ్యాంకుకు వ్రాసిన చీటీ అది. అతని ఖాతాలో సొమ్ము లేకపోవచ్చును. సంతకము కలియకపోవచ్చును. ఆ చెక్కు ఎవరిదో దొంగిలించినది కావచ్చును. అసలు అటువంటి ఖాతాయే లేకపోవచ్చును.

విత్తనపు సంచిమీద ఎంత చక్కని బొమ్మ ఉన్నా, మొలకశాతము చూడనిదే తెలివిగల రైతు నారు పోయడు. నూరు గింజలు తడిగుడ్డలో చుట్టిపెట్టి, మొలకలు లెక్కించి, ఆపైన చల్లును. చెక్కుకు కూడ అట్టి మొలకపరీక్ష ఒకటి ఉన్నది. అదే బ్యాంకులో వసూలగుట.

ఇక్కడ రెండు మాటలకు భేదము గుర్తింపవలెను. చెక్కు వేయుట వేరు, వసూలగుట వేరు. చెక్కు వేసి రసీదు ముక్క తెచ్చుకొన్నంత మాత్రమున సొమ్ము వచ్చినట్లు కాదు. ఒక్కొక్కప్పుడు ఫోనులోనో, పాసు పుస్తకములోనో ఆ మొత్తము కనబడినను, అది ఇంకను వసూలు కాని పద్దు అయి ఉండవచ్చును. ఇల్లు అలకగానే పండుగ కాదు గదా!

2025 అక్టోబరు 4 నుండి రిజర్వు బ్యాంకు కొత్త పద్ధతి తెచ్చినది. పగటివేళ చెక్కుల ఛాయాచిత్రములు ఎప్పటికప్పుడు అవతలి బ్యాంకుకు పోవుచుండును. చెల్లునో చెల్లదో ఆ బ్యాంకు సాయంకాలము 7 గంటలలోపల తెలుపవలెను. అందుచేత పూర్వమువలె రోజుల తరబడి వేచియుండు బాధ తగ్గినది. కాని దొంగచెక్కు విషయములో ఇంకొక చిక్కు ఉన్నది. చెక్కు వసూలైన తరువాత అసలు ఖాతాదారు "నేను సంతకము చేయలేదు" అని ఫిర్యాదు చేయవచ్చును. అప్పుడు ఆ సొమ్ము ఎవరి ఖాతాలోనికి పోయినదో ఆ ఖాతాను నిలిపివేసి విచారణ చేయుదురు. ఆ ఖాతా మీదైనచో, విత్తనాలకు ఉంచుకొన్న సొమ్ముకూడ అందులోనే చిక్కుకొనును.

మోసము వచ్చు దారులు

మొదటిది, ఎక్కువ సొమ్ము పంపి కొంత తిరిగి అడుగుట. ఒక రైతు తన పాడిగేదెను 90,000 రూపాయలకు అమ్మకానికి పెట్టినాడనుకొందాము. దూరపు ఊరివాడొకడు ఫోనులో బేరము కుదుర్చుకొని 1,40,000 రూపాయలకు చెక్కు పంపును. "పొరపాటున ఎక్కువ వ్రాసినాము. గేదెను తీసికొనిపోవ వచ్చు బండివానికి ఆ 50,000 ఇచ్చి పంపండి" అనును. చెక్కు వేసినానుగదా అని రైతు ధైర్యముగా తన చేతి సొమ్ము ఇచ్చి, గేదెను కూడ ఎక్కించును. తరువాత చెక్కు తిరిగి వచ్చును. గేదె పోయినది, 50,000 పోయినది, మొత్తము నష్టము 1,40,000. చెక్కు తిరిగివచ్చినందుకు బ్యాంకు వసూలుచేయు రుసుము దానికి అదనము. పొరపాటున ఎక్కువ వ్రాసినవాడు ఆ చెక్కు వెనుకకు తీసికొని సరియైనది పంపవలెను గాని, మిగులు సొమ్ము మీచేత ఇప్పించకూడదు.

రెండవది, సెల్ టవరు ఆశ. "మీ పొలములో టవరు కట్టెదము, నెలకు ఇంత అద్దె, ఇదిగో బయానా చెక్కు" అని ముద్రలు వేసిన కాగితముతో వచ్చును. వెనుకనే ఫోను వచ్చును: "చెక్కు చెల్లవలెనన్న ముందు రిజిస్ట్రేషను రుసుము, పన్ను కట్టవలెను" అని. టవరు స్థలముల అద్దెతోగాని, వాటి అనుమతి పత్రములతోగాని తనకు సంబంధము లేదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ బహిరంగముగా ప్రకటించియున్నది. మీకు సొమ్ము ఇచ్చువాడు ముందుగా మీవద్ద సొమ్ము అడుగుచున్నాడనిన, అక్కడనే మోసము తెలిసిపోవలెను.

మూడవది, మీ ఖాతాను అరువడుగుట. "ఈ చెక్కు మీ ఖాతాలో వేసి, రొక్కము తీసి ఇవ్వండి, నూటికి ఇంత మీరుంచుకొనండి" అందురు. ఇతరుల వద్ద దోచిన సొమ్మును దాటించుటకు ఇది ఉపాయము. విచారణ వచ్చినప్పుడు పోలీసులకు కనబడునది మీ పేరే. ఊరిలోని చదువుకొన్న కుర్రవాళ్లకు ఈ మాట ప్రత్యేకముగా చెప్పండి.

నాలుగవది భూమికి సంబంధించినది, కనుక దీనిని జాగ్రత్తగా వినండి. బాటలు పడుచోట, ప్లాట్లు వేయుచోట ఎవరో ఒకరు మీ పేర చిన్నమొత్తానికి చెక్కు పంపి, ఉత్తరములో "మన మాట ప్రకారము పొలమునకు బయానా" అని వ్రాయవచ్చును. మీరు ఉత్తరము చదవక చెక్కు మార్చుకొన్నచో, అమ్మకమునకు ఒప్పుకొన్నారనుటకు దానిని కోర్టులో సాక్ష్యముగా చూప ప్రయత్నింపవచ్చును. పదివేల చెక్కు పది సంవత్సరముల దావా కాకూడదు. అట్టి చెక్కును మార్చక, "మన మధ్య ఏ ఒప్పందమును లేదు" అని వ్రాసి స్పీడు పోస్టులో తిప్పిపంపి, ఉత్తరము నకలును, తపాలా రసీదును దాచవలెను. పంపుటకు ముందు ఒక న్యాయవాదికి చూపుట మేలు.

అన్నియు మోసము కావు

అయితే తెలియని చెక్కులన్నియు దొంగవే అనుకొనుట కూడ పొరపాటు. గతించిన తండ్రిగారి బీమా సొమ్ము, సహకార సంఘములో వాటాపై లాభము, చక్కెర మిల్లు పాత బకాయి, ఇట్టివి మనము మరచిన తరువాత వచ్చుటకలదు. వీటికి వెనుక ఏదో ఒక సంబంధము, పాలసీ నంబరో, సభ్యత్వపు నంబరో ఉండును. పాత కాగితములు తీసి చూచినచో అది తేలును.

ప్రభుత్వ సహాయము సంగతి మీకు తెలిసినదే. 2018 మే నెలలో తెలంగాణలో రైతుబంధు ప్రారంభించినప్పుడు మొదటి విడత ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు ఇచ్చిరి. ఊరిలో సభ పెట్టి, జాబితాలో పేరు చూచి, అధికారుల చేతిమీదుగా ఇచ్చిరి. తరువాత ఆ సొమ్ము ఖాతాలలో వేయసాగిరి. కేంద్రము పి.ఎం. కిసాన్ క్రింద ఏటా ఇచ్చు 6,000 రూపాయలు కూడ మూడు విడతలుగా నేరుగా ఖాతాకే చేరును. సర్కారు సొమ్మని చెప్పి ఎవరైనా కవరులో చెక్కు పెట్టి రుసుము అడిగినచో, మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనండి.

ఒకే పేరుగలవారు ఇద్దరు ముగ్గురు ఉన్న ఊళ్లు మనకు చాలా ఉన్నవి. పక్కవీధివానికి రావలసినది మీకు వచ్చి ఉండవచ్చును. తండ్రి పేరు, ఇంటి నంబరు సరిచూడండి. పొరపాటున చేరిన సొమ్మును తిరిగి ఇవ్వవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 72వ సెక్షను చెప్పుచున్నది. "నాకు వచ్చినది నాదే" అనుట చెల్లదు.

చట్టము ఎంతవరకు ఆదుకొనును?

చెల్లని చెక్కు ఇచ్చినవానికి శిక్ష లేదా అని మీరడుగవచ్చును. ఉన్నది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 138వ సెక్షను ప్రకారము, ఖాతాలో సొమ్ము చాలక చెక్కు తిరిగివచ్చినచో, రెండేండ్లవరకు ఖైదుగాని, చెక్కు మొత్తమునకు రెండింతలవరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. అందుకు, తిరిగివచ్చినట్లు బ్యాంకు తెలిపిన 30 దినములలో మీరు వ్రాతమూలకముగా నోటీసు ఇవ్వవలెను. నోటీసు అందిన 15 దినములలో అతడు చెల్లింపనిచో, ఆపై ఒక నెలలో కోర్టులో ఫిర్యాదు చేయవలెను.

కాని ఈ సెక్షను, న్యాయముగా రావలసిన బాకీకి ఇచ్చిన చెక్కుకే వర్తించును. మీకేమియు బాకీలేని పరాయివాడు ఊరక పంపిన చెక్కుకు ఇది పనికిరాదు. పైగా తప్పుడు పేరుతో పంపినవానికి నోటీసు ఏ చిరునామాకు పంపగలరు? కనుక కోర్టును నమ్ముకొనుటకంటె ముందుచూపు మేలు.

నిజముగా సరకు అమ్మినప్పుడు క్రొత్త వ్యాపారి చెక్కు ఇచ్చినచో, అది వసూలైనట్లు బ్యాంకువారు చెప్పువరకు బస్తా కదలనీయవద్దు. "ఈ రోజు ఆదివారము, బ్యాంకు లేదు, చెక్కు తీసికొనండి" అను సాకు ఈ కాలములో నిలువదు. 2019 డిసెంబరు నుండి నెఫ్ట్ పద్ధతిలో సెలవు దినములందుకూడ, రాత్రింబగళ్లు ఖాతానుండి ఖాతాకు సొమ్ము పంపవచ్చును.

చేయవలసిన పనులు

1. చెక్కుతోబాటు కవరు, ఉత్తరము, తపాలా ముద్ర భద్రపరచండి. చించవద్దు.

2. చెక్కుపై తేదీ, పేరు, అంకెలలో అక్షరములలో మొత్తము, సంతకము చూడండి. తేదీ వేసిన 3 నెలలు దాటినచో చెల్లదు. వెలుతురుకెదురుగా పట్టిన కాగితములో సి.టి.ఎస్. నీటిముద్ర కనబడవలెను. ఇవన్నియు సరిగా ఉన్నంత మాత్రమున చెక్కు మంచిదని కాదు. ఇవి లేకపోయినచో చెడ్డదని మాత్రము తెలియును.

3. చెక్కు వెనుక సంతకము చేసి ఇంకొకరికి ఇవ్వవద్దు. ఆ సంతకముతో బాధ్యత మీమీద పడవచ్చును.

4. ఉత్తరములోని ఫోను నంబరుకు ఫోను చేయవద్దు. అక్కడ మాట్లాడువాడు మోసగాడే కావచ్చును. మీ బ్యాంకు శాఖకు పోయి మేనేజరుకు చూపండి. చెక్కు ఏ శాఖదో ఆ శాఖను వారే విచారింతురు.

5. ఖాతా నంబరు, ఆధార్ నకలు, ఏ.టి.ఎం. రహస్యసంఖ్య, ఫోనుకు వచ్చు ఓ.టి.పి. ఎవరికిని చెప్పవద్దు.

6. తిరిగి ఇవ్వవలసి వచ్చినచో ఆ చెక్కునే ఇవ్వండి. దానికి బదులు మీ రొక్కము ఇవ్వవద్దు. ఫోను ద్వారా ఖాతాలో సొమ్ముపడి, "పొరపాటున పంపినాను, వెంటనే తిప్పిపంపండి" అని ఎవరైనా తొందరచేసినప్పుడు కూడ ఇదే సూత్రము. బ్యాంకు ద్వారా రమ్మని చెప్పండి.

7. ఇప్పటికే సొమ్ము పంపియున్నచో సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు, పోలీసుఠాణాకు తెలుపండి. ఎంత త్వరగా చెప్పిన, అంత సొమ్ము అడ్డుకొను అవకాశముండును.

చివరి మాట. ఇట్టి కవరు వచ్చినప్పుడు ఇంట్లో ఒక్కరే నిర్ణయింపక, భార్యతో, చదువుకొన్న పిల్లలతో, నమ్మకమైన ఇరుగుపొరుగుతో చెప్పుకొనండి. మోసగాడు ఎప్పుడును తొందరపెట్టును, ఎవరికిని చెప్పవద్దనును. నిజమైన సొమ్ము నాలుగురోజులు ఆగినందువలన ఎక్కడికిని పోదు. ఈ తరగతి ముగిసి ఊరికి పోయిన తరువాత ఈ సంగతి రచ్చబండ దగ్గర పదిమందికి చెప్పినచో, నా ప్రసంగము ఫలించినట్లే.