కాళ్ళు తొడుక్కుని కొండెక్కినవాళ్ళు

భిలాయి సెక్టర్ 7లో ఉండే మనకు కొండ అనగానే గుర్తొచ్చేది రాజహరా. మన నేలంతా చదును. సుమారు 90 కిలోమీటర్ల అవతల ఉన్న ఆ కొండలను తవ్వి తెచ్చిన ఇనుపరాయే 1959 నుంచి మన ఉక్కు కర్మాగారం ఫర్నేసుల్లో కరుగుతోంది. ఆ రాజహరా ఉన్న బాలోద్ జిల్లాలోనే బెలౌదీ అని ఒక ఊరుంది. రెండు కృత్రిమ కాళ్ళతో మూడు ఖండాల్లో కొండలెక్కిన చిత్రసేన్ సాహుది ఆ ఊరే.

2014 జూన్ 4న అతను భాటాపారా స్టేషన్లో మంచినీళ్ళ కోసం రైలు దిగాడు. అంతలో బండి కదిలింది. ఎక్కబోతే కాలు జారి, ప్లాట్‌ఫారానికీ బండికీ మధ్య ఇరుక్కుపోయాడు. ఒక కాలు అప్పుడే పోయింది. రెండోది కొన్నాళ్ళకు తీసేయాల్సి వచ్చింది. రైలు పట్టాలు తయారుచేసే ఊరివాళ్ళం, ఈ సంగతి చెప్పుకోవడం మనకు కాస్త కష్టంగానే ఉంటుంది. అంతకు మూడేళ్ళ ముందు, 2011 ఏప్రిల్లో, బరేలీ దగ్గర అరుణిమా సిన్హాను దొంగలు నడుస్తున్న రైల్లోంచి తోసేశారు. ఆమె ఎడమ కాలు పోయింది. ఆమెకు కొండ నేర్పించింది పర్వతారోహకురాలు బచేంద్రీ పాల్. డబ్బూ అండా ఇచ్చింది జంషెడ్‌పూర్ ఉక్కు కంపెనీ. 2013 మే 21న అరుణిమ ఎవరెస్టు మీద నిలబడింది. కాలు కోల్పోయిన స్త్రీ ఆ శిఖరం చేరడం ప్రపంచంలోనే అది మొదటిసారి.

ఇలాంటివి చదివినప్పుడల్లా మనం "ఎంత పట్టుదలో!" అని పేపరు మడిచేస్తాం. పట్టుదల లేదని ఎవరూ అనరు. కానీ ఈ చరిత్రలో సగం కాలు తయారుచేసేవాళ్ళది, తోడు నడిచేవాళ్ళది, కోర్టుకెక్కినవాళ్ళది.

ముందు కాలు సంగతి. తెగిన కాలి మోడును సాకెట్ అనే గట్టి తొడుగులో బిగిస్తారు. మనిషి బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది. రోజంతా నడిస్తే మోడు ఉబ్బడమో, కుంచించుకుపోవడమో జరుగుతుంది. పొద్దున సరిగ్గా పట్టిన తొడుగు సాయంత్రానికి ఒరుసుకుంటుంది. లోపల చెమట పడితే, మంచులో అదే చల్లబడి చర్మాన్ని చంపుతుంది. చీలమండ లేదు, పాదానికి స్పర్శ లేదు కాబట్టి కింద రాయి కదిలిందో లేదో తెలియదు. ఎక్కడం కన్నా దిగడం కష్టమయ్యేది ఇందుకే. న్యూజీలాండ్ దేశస్థుడు మార్క్ ఇంగ్లిస్ రెండు కృత్రిమ కాళ్ళతో 2006లో ఎవరెస్టు ఎక్కుతుండగా, 6,400 మీటర్ల ఎత్తున కార్బన్ ఫైబర్ కాలు ఒకటి విరిగింది. దాన్ని ఎలాగో అతికించుకుని, కింది నుంచి విడిభాగాలు తెప్పించుకుని పైకి వెళ్ళాడు. ప్లాంటులో మెయింటెనెన్స్ పని చేసినవారికి ఆ తిప్పలేమిటో నేను చెప్పక్కర్లేదు.

నాకు అందరికన్నా ఆశ్చర్యం కలిగించే మనిషి చైనాకు చెందిన షియా బోయు. 1975లో ఎవరెస్టు మీద జబ్బుపడిన తోటివాడికి తన స్లీపింగ్ బ్యాగ్ ఇచ్చేశాడు. ఆ చలికి తన పాదాలు రెండూ పోయాయి. 1996లో క్యాన్సర్ వల్ల మోకాళ్ళ కింది దాకా కాళ్ళు తీసేశారు. ఆయన మళ్ళీ మళ్ళీ ఆ కొండకే వెళ్ళాడు. ఒకసారి భూకంపం అడ్డొచ్చింది, ఇంకోసారి తుపాను. చివరికి 2017 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వమే అడ్డొచ్చింది. రెండు కాళ్ళూ లేనివాళ్ళకు, చూపులేనివాళ్ళకు ఇకపై పర్మిట్ లేదని, అది వాళ్ళ క్షేమం కోసమేనని చెప్పింది. 2001లోనే చూపులేని ఎరిక్ వైహెన్‌మేయర్ ఎవరెస్టు ఎక్కి క్షేమంగా దిగివచ్చిన సంగతి ఆ నిబంధన రాసినవాళ్ళకు తెలియదా? వికలాంగులు కోర్టుకు వెళ్ళారు. 2018 మార్చిలో నేపాల్ సుప్రీంకోర్టు ఆ నిబంధనను నిలిపివేసింది. రెండు నెలలు దాటగానే, మే 14న, 69 ఏళ్ళ వయసులో షియా శిఖరం చేరాడు. అఫ్గానిస్థాన్ పేలుడులో రెండు కాళ్ళూ మోకాళ్ళ పైవరకు పోయిన గూర్ఖా సైనికుడు హరి బుధా మగర్ 2023లో ఎక్కాడు. మోకాలు ఉండడం వేరు, లేకపోవడం వేరు. ఆయన పడ్డ శ్రమను మరొకరితో పోల్చలేం. మన దేశం నుంచి, కిన్నౌర్ అమ్మాయి ఛోన్‌జిన్ ఆంగ్మో చూపు లేకుండానే 2025 మేలో అక్కడికి వెళ్ళింది.

మళ్ళీ మన చిత్రసేన్ దగ్గరికి వద్దాం. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ ఆడాడు, ఈత నేర్చాడు, హౌసింగ్ బోర్డులో ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూ 2019లో ఆఫ్రికా వెళ్ళి కిలిమంజారో, 2020లో ఆస్ట్రేలియాలో కొసియుస్కో, 2021 ఆగస్టులో యూరప్‌లోకెల్లా ఎత్తయిన 5,642 మీటర్ల ఎల్‌బ్రుస్ ఎక్కాడు. తనకు తాను పెట్టుకున్న పేరు హాఫ్ హ్యూమన్ రోబో. ఇలాంటి మనిషి కూడా కారు నడిపే లైసెన్సు కోసం బిలాస్‌పూర్ హైకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. కాళ్ళు కృత్రిమమైనవన్నదే అభ్యంతరం. కాఠ్మండూలో చెప్పిన కారణానికీ దీనికీ పెద్ద తేడా నాకైతే కనబడదు.

2022లో అతను ఒక్కడే వెళ్ళలేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఒక జట్టును వెంటబెట్టుకుని ఎవరెస్టు బేస్ క్యాంపుకు బయలుదేరాడు. అది 5,364 మీటర్ల ఎత్తు. అందులో ఒంటికాలి బడిపిల్ల ఉంది, చూపు మందగించిన యువతి ఉంది. వాళ్ళతో కలిసి అడుగులేసిన మామూలు కాళ్ళవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రయాణానికి వాళ్ళు పెట్టుకున్న పేరు మిషన్ ఇన్‌క్లూజన్.