వినికిడి లేని శిశువునకు మాట వచ్చు విధము
(ప్రసంగ పాఠము)



చెవిటివాని ముందు శంఖమూదినచో "ఏమి కొరుకుచున్నావు?" అని అడిగెనట. ఈ సామెత వినని తెలుగువారుండరు. విని నవ్వనివారును అరుదు. అయితే ఆ సామెతలోని చెవిటివాడు ప్రశ్న అడిగినాడు. అనగా వానికి మాట వచ్చును. మాటలు నేర్చిన పిమ్మట ఎప్పుడో వినికిడి పోగొట్టుకొన్నవాడు వాడు. పుట్టుకతోనే వినికిడి లేని శిశువు ఆ పాటి ప్రశ్ననైనను అడుగజాలదు. ఈ రెండవ చెవుడు ఇంట నున్నట్లు ఇంటివారికే చాల ఆలస్యముగ తెలియును.

గర్భస్థ శిశువు ఆరవ నెల దాటుసరికి ధ్వనులకు స్పందించును. పుట్టిన కొలది దినములకే తల్లి కంఠమును ఇతరుల కంఠములనుండి వేఱుగ గుర్తించునని 1980లో అమెరికాలో ప్రకటింపబడిన పరీక్షలు చూపినవి. నోట తొలి పలుకు వెలువడుటకు ఏడాది ముందే చెవి తన చదువు మొదలుపెట్టును. వినికిడి లేని శిశువును తొలి నెలలలో ఊఁ కొట్టును, కేరింతలు కొట్టును. అందుచే ఎవరికిని అనుమానము కలుగదు. ఏడెనిమిది నెలల ప్రాయమున ఇతర శిశువులు "బబబ, దదద" అని అక్షరములు కూర్చుకొనుచుండగా ఈ శిశువు వెనుకబడును. తలుపు చప్పుడునకు తిరిగి చూచినదని అమ్మమ్మ సంతోషించును గాని, ఆ చప్పుడుతోపాటు నేల అదిరినది, గాలి కదలినది, వెలుతురు మారినది. శిశువు కన్నులతోను చర్మముతోను గ్రహించి తిరిగి యుండవచ్చును.

ఏడాది నిండిన తరువాత ఇంట సలహాలు మొదలగును. "మేనమామకు కూడ మూడవయేటనే మాటలు వచ్చినవి" అని ఒకరందురు. నాలుకపై వస రాయుమని ఒకరు, నాలుక క్రింది పొర కోయింపుమని మఱియొకరు చెప్పుదురు. వాగుడుకాయకు వసపిట్ట యని పేరు పెట్టిన జాతికి వసపై నమ్మకముండుట సహజమే. కాని లోపము నాలుకయందు లేదు. పుట్టుచెవుడు గల బిడ్డలలో అధికుల నాలుకయు, కంఠమును నిక్షేపముగ నుండును. విననిదానిని పలుకుట ఎట్లు? వస రాయుచు గడపిన రెండేండ్లే బిడ్డ పోగొట్టుకొనునట్టి అసలు ధనము.

ఇప్పుడు ఆ రెండేండ్లు ఆగవలసిన పని లేదు. ఆరోగ్యముగల చెవి ధ్వనిని గ్రహించుటయే గాక, తానును అతిసూక్ష్మమైన ధ్వనిని వెలువరించునని 1978లో లండనులో డేవిడ్ కెంప్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. నిద్రించు శిశువు చెవిలో చిన్న గొట్టము నుంచి ఆ ధ్వనిని కొలుతురు. నొప్పి లేదు, కొన్ని నిమిషముల పని. శబ్దము నరముగుండ మెదడునకు చేరుచున్నదా యని తెలుపు పరీక్ష వేఱొకటి కలదు. మొదటి నెలలో తొలి పరీక్ష, మూడవ నెలకు నిర్ధారణ, ఆరవ నెలకు చికిత్స ఆరంభము అని వైద్యులు గడువులు పెట్టిరి. ఆరు నెలలలోపల లోపము గుర్తింపబడిన బిడ్డల భాష, ఆలస్యముగ గుర్తింపబడినవారి భాషకంటె మెరుగుగ నున్నదని 1998లో కొలరాడో పరిశోధకులు ప్రకటించిరి.

పుట్టుకతో తీవ్రమైన కామెర్లు వచ్చిన శిశువు, తల్లికి గర్భమున రుబెల్లా సోకిన శిశువు, మేనరికపు సంతానము – వీరి విషయమున పరీక్ష మానరాదు. మేనమామకు పిల్లనిచ్చు ఆచారము తెలుగువారికి కొత్తది కాదు. తలిదండ్రులిరువురును తమకు తెలియకయే మోయుచున్న ఒకే లోపము బిడ్డకు రెండువైపులనుండి సంక్రమించుటకు అట్టి పెండ్లిలో అవకాశమెక్కువ. దీనికి కోడలినొక్కతెను నిందించుట శాస్త్రమునకును, న్యాయమునకును విరుద్ధము.

పెదవులను చూచి నేర్చుకొందురులే యనుట సగము నిజము. అద్దము ముందు నిలిచి, ధ్వని లేకుండ "పాట, బాట, మాట" అని పలికి చూడవచ్చును. మూడింటికిని పెదవులు ఒకే తీరున కదలును. "అమ్మ" పెదవులపై కనబడును. "అక్క" గొంతులో దాగును. తెలుగు క్రియలతో మఱింత చిక్కు. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అనునప్పుడు ఎవరు వచ్చిరో తెలుపునది పదము చివర. ఇండ్లలో గొంతు తగ్గించి పలుకునదియు ఆ చివరనే. కావున కంటితోపాటు చెవికిని పని కల్పింపవలెను. కొంత వినికిడి మిగిలియున్న బిడ్డకు చెవి యంత్రము ధ్వనిని పెంచి యిచ్చును. యంత్రము చాలనంతటి లోపమున్నచో, శస్త్రచికిత్స చేసి లోపలి చెవిలో విద్యుత్తంతువు నమర్చి నరమును నేరుగ ప్రేరేపింతురు. ఇదియే కాక్లియర్ ఇంప్లాంట్. అయినను యంత్రము పెట్టిన నాడు బిడ్డకు ధ్వని వచ్చును, భాష రాదు. రెండేండ్ల బిడ్డయైనను వినికిడికి ఆనాడే పుట్టినట్లు లెక్క.

భాషను ఇచ్చువారు ఇంటివారు. బియ్యము కడుగుచు, "నాన్నా, ఇవిగో నీళ్లు, చల్లగా ఉన్నాయి చూడు" అని తల్లి చెప్పు మాట ఏ పాఠశాల పాఠమునకును తీసిపోదు. అయితే ఏ భాషలో? డెలానీపూర్ వంటి పేటలో ఇంట తెలుగు, వీథిలో హిందీ, పొరుగింట బెంగాలీయో తమిళమో. బిడ్డకు వినికిడి లేదని తెలియగానే తెలుగు మాని, రాని హిందీలోనో ఇంగ్లీషులోనో మాటలాడుట కొందరు తలిదండ్రులు చేయు పొరపాటు. తల్లికి జోలపాట, కోపము, వేళాకోళము ఏ భాషలో సహజముగ వచ్చునో ఆ భాషయే బిడ్డకు మొదట కావలెను. దానిపై రెండవ భాష తరువాత నిలుచును.

ధ్వని దూరముతో క్షీణించును. ఆరుబయట దూరము రెట్టింపైనచో 6 డెసిబెళ్లు తగ్గును. వంటయింటినుండి కేక వేయుటకంటె ప్రక్కన కూర్చుండి మామూలు గొంతుతో చెప్పుట మేలు. ద్వీపములలో రేకు కప్పుపై వాన కురియునప్పుడు మంచి చెవులకే మాట వినబడదు. అట్టి వేళ బిడ్డను ఒడిలోనికి తీసికొని మాటలాడవలెను. ఇచ్చటి తేమ యంత్రములకు శత్రువు. రాత్రి తేమను పీల్చు గుళికలున్న డబ్బీలో యంత్రము నుంచి, ఉదయము డేనియల్ లింగ్ అను ఆచార్యుడు చెప్పిన ఆరు ధ్వనులు – మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ – నోరు కనబడనీయక పలికి, బిడ్డ వినుచున్నదో లేదో చూడవచ్చును.

సైగల మాట చెప్పక విడుచుట తగదు. 1880లో మిలాను నగరమున బధిరోపాధ్యాయులు సమావేశమై సైగలను పాఠశాలలనుండి వెడలగొట్టు తీర్మానములు చేసిరి; వాటిని 2010లో వాంకూవర్ మహాసభ నిరాకరించెను. నడుమ నూటముప్పది యేండ్లలో ఎందఱు పిల్లలు అటు మాటయు రాక, ఇటు సైగయు లేక పెరిగిరో! మాట నేర్పు ప్రయత్నము ఫలింపని బిడ్డకు సైగభాష నిండైన భాష. ఫలించిన బిడ్డకును అది విరోధి కాదు.

ఇక ఉద్యోగుల చిక్కు. ఇచ్చటినుండి చెన్నపట్టణము సుమారు 1,190 కిలోమీటర్లు. ఓడలో మూడు దినముల ప్రయాణము. శిక్షణ కుదిరిన బిడ్డను నడుమ కదల్చుట నష్టము. దివ్యాంగ సంతానమును సాకు కేంద్రోద్యోగిని సాధారణ బదిలీలనుండి మినహాయింపవచ్చునని 2014 జూన్ 6వ తేదీ ఉత్తర్వు చెప్పుచున్నది. పాలనావసరములకు లోబడియే సుమా. మహిళోద్యోగినులకును, ఒంటరి తండ్రులకును సర్వీసు మొత్తమున 730 దినముల శిశుసంరక్షణ సెలవు కలదు. దివ్యాంగ సంతానము విషయమున బిడ్డకు వయఃపరిమితి లేదు. పిల్లల విద్యాభత్యము అట్టి బిడ్డకు రెట్టింపు. వీనికన్నిటికిని వైకల్య ధ్రువపత్రము కావలెను. దానిని తీసికొనుటకు "పిల్లకు ముద్ర పడును" అని వెనుదీయు కుటుంబములు కలవు. ఆ కాగితము బీరువాలో నుండును. బిడ్డ చెవి యంత్రము చెవిపైన నుండును. వీథిలోనివారు చూచునది ఆ యంత్రమునే, అదియు నాలుగు దినములు మాత్రమే.