మెడల్ అంచున తాతగారి నంబరు

జగదల్‌పూర్, కిరండూల్ రైల్వే క్వార్టర్లలో తెలుగు మాట కొత్తేమీ కాదు. కారణం కేకే లైను. బైలాడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరాలని 1960లలో కొత్తవలస నుంచి కొండలు తొలిచి వేసిన దారి అది. మిలట్రీలో చేసి, తర్వాత రైల్వేలో చేరిన తాతలు చాలా ఇళ్లలో ఉంటారు. "మా తాత యుద్ధానికి వెళ్లాడట." మనవల దగ్గర మిగిలేది ఆ ఒక్క మాటే.

ఏ యుద్ధం? ఏ రెజిమెంటు?

ట్రంకుపెట్టె అడుగున మెడల్ ఉందేమో చూడండి. ముఖం వైపు కాదు, అంచు చూడండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే సన్నటి అక్షరాలు కనిపిస్తాయి. నంబరు, హోదా, పేరు. దయచేసి చింతపండు పెట్టి తోమకండి! అక్షరాలు అరిగిపోతాయి.

ముందు ఆ నంబరు రాసుకోండి. అన్నిటికీ తాళంచెవి ఆ నంబరే. మద్రాస్ రెజిమెంటు అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కు, మద్రాస్ సాపర్స్ అయితే బెంగళూరుకు, అక్కడి రికార్డు ఆఫీసులకు రాయాలి. ఎక్కడికి రాయాలో తేలకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఇక రైల్వే. పెన్షన్ ఆర్డరు, అదే పీపీఓ, వెతకండి. ఏ హోదాలో, ఎప్పుడు రిటైరయ్యారో అందులో ఉంటుంది. పాత కాగితాల మీద ఆగ్నేయ రైల్వే అని ఉంటే కంగారుపడకండి. వాల్తేరు డివిజన్ 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి మారింది.

నానమ్మ ఉంటే, ఈ ఆఫీసులకు పెట్టే అర్జీ మీద ఆవిడ చేతే సంతకం పెట్టించండి. కుటుంబ పెన్షన్ వచ్చేది ఆవిడ పేరు మీదే కదా.