నాయనకు ఫిట్స్ వచ్చాయని ఫోన్ వస్తే

(శుక్రవారం క్యాంపు మీటింగులో మన గ్రూపు నర్సు అక్క మాట్లాడిన మాటలు)



పోయిన నెల మన తమ్ముడు ఒకాయనకు అర్ధరాత్రి ఇంటి నుంచి ఫోన్. డెబ్బై ఏండ్ల నాయనకు ఫిట్స్ వచ్చినయి. గాలి సోకిందని ఒకరు, పక్షవాతమని ఒకరు. దవాఖానలో రక్తపరీక్ష చేస్తే సోడియం 112 ఉంది. ఉండాల్సింది 135 నుంచి 145. బీపీకి ఆయన వేసుకునేది మూత్రం ఎక్కువ పోయే గోలీ. దానికి తోడు నాలుగు రోజులు విరేచనాలు, పైగా బీపీ అని ఉప్పులేని గంజి. అన్నీ కలిసి మెదడు మీద పడ్డయి. ఇప్పుడు బాగున్నడు.

పెద్దవయసులో కొత్తగా ఫిట్స్ వస్తే పక్షవాతమో, మెదడులో గడ్డో కారణం కావచ్చు. కానీ రక్తంలో తేడాలు కూడా కారణమే. అవి ఒక్క పరీక్షతో దొరుకుతయి, సరిచేయొచ్చు.

ముందు చూడాల్సింది షుగర్. గోలీ వేసుకుని తినకపోయినా, ఇన్సులిన్ తీసుకుని ఒక్కపొద్దు ఉన్నా 70 కిందికి పోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు, మరీ పడిపోతే ఫిట్స్. కిడ్నీలు బలహీనమైతే గోలీ ప్రభావం చాలాసేపు ఉంటుంది. చక్కెర తిని తేరుకున్నా దవాఖానకు పోవాల్సిందే, మళ్లీ పడిపోవచ్చు. షుగర్ విపరీతంగా పెరిగినా ఫిట్స్ వస్తయి.

ఇక హార్మోన్లు. మోకాళ్ల నొప్పులకు ఏండ్లకేండ్లు స్టెరాయిడ్ గోలీలు మింగి ఒక్కసారే ఆపితే షుగర్, సోడియం రెండూ తగ్గొచ్చు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత కాల్షియం పడిపోవచ్చు.

ఫోన్‌లో మీరు చెప్పాల్సింది ఇదే: పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, స్పృహ లేనప్పుడు నీళ్లు పోయొద్దు. టైం చూడండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఐదు నిమిషాలు దాటితే ప్రాణానికే ముప్పు. దవాఖానలో షుగర్, సోడియం, కాల్షియం, కిడ్నీ పరీక్షలు అడగండి. సోడియం తగ్గిందని ఇంట్లో ఉప్పునీళ్లు తాగించొద్దు. దాన్ని డాక్టర్లు మెల్లగా పెంచాలె, తొందరపడితే మెదడుకే నష్టం.

మనం ఇక్కడి నుంచి ఉరికి పోలేం. కానీ ఒక పని చేయొచ్చు. ఈ రాత్రి ఇంటికి మాట్లాడినప్పుడు అమ్మానాయనల గోలీల పట్టీలన్నీ ఫొటో తీసి పంపమనండి. ఆ ఫొటో మీ ఫోన్‌లో ఉంటే, ఆ రోజు డాక్టరుకు సగం జవాబు దొరికినట్టే.