ఇన్సులిన్, గ్లూకోజు, మా అమ్మ ఉపవాసం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో కూర్చున్న 1976 టెన్త్ బ్యాచ్ వాళ్లకు ప్రత్యేక నమస్కారం. మీలో సగంమందిని మొహం చూసి గుర్తుపట్టలేకపోయాను, గొంతు విని పట్టుకున్నాను.

"నీ పరిశోధన గురించి ఒక పావుగంట చెప్పు, కానీ మాకు అర్థం కావాలి" అని కార్యదర్శి గారు షరతు పెట్టారు. ఒంట్లో ఇన్సులిన్ ఎలా విడుదలవుతుంది అన్న ఒక్క ప్రశ్న మీదే ముప్పై ఏళ్లకు పైగా గడిపాను. పావుగంటలో ఎంత వస్తే అంత.

మొదలైంది తాడేపల్లిగూడెంలో, మన బడిలోనే. మా సైన్సు మాస్టారు ఒకరోజు బజారు నుంచి కొల్లేరు కొరమేనును తెచ్చి బల్ల మీద కోశారు. కాలేయం చూపించారు, పేగులు చూపించారు. "క్లోమం ఏదండీ?" అని అడిగాను. "చేపలో అది మనకున్నట్టు ఒక ముద్దగా ఉండదురా" అన్నారు. ఆ మాట ఎందుకో గుర్తుండిపోయింది. చాలా ఏళ్ల తర్వాత చదివాను: 1922లో కెనడాలో మెక్లియోడ్ అనే శాస్త్రవేత్త సముద్రపు చేపల్నే పట్టుకున్నాడు. కొన్ని చేపల్లో ఇన్సులిన్ చేసే కణాలు క్లోమానికి విడిగా, చిన్న గడ్డలా ఉంటాయి. ఆ గడ్డలోంచి తీసిన రసమే చక్కెరను తగ్గించింది, మిగతా క్లోమంలోంచి తీసింది తగ్గించలేదు. ఇన్సులిన్ ఎక్కడ పుడుతుందో అలా గట్టిగా తేలింది.

మనిషి క్లోమంలో ఆ కణాల గుంపులు విడివిడిగా, సుమారు పది లక్షలు ఉంటాయి. లాంగర్‌హాన్స్ పుటికలంటారు. అన్నీ కలిపి తూచినా ఒకటి రెండు గ్రాములే.

ఏలూరులో ఇంటర్, ఆ పాసింజరు బండి ప్రయాణాలు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ చదువు, ఇవన్నీ మీలో చాలామందికీ ఉన్నవే, వదిలేస్తాను. 1989లో అమెరికాలో ఒక ల్యాబులో చేరాను. అక్కడ నా పని ఎలుక క్లోమంలోంచి ఆ పుటికల్ని ఏరడం. కొలాజినేజ్ అనే ఎంజైము పోసి, వెచ్చటి నీళ్లలో ఊపితే మిగతాదంతా కరిగి పుటికలు మిగులుతాయి. మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ చేత్తో ఏరాలి. బియ్యంలో రాళ్లేరే మా అమ్మ పని కంటే గొప్పదేం కాదు. ఎంజైము డబ్బా మారితే పుటికలు చచ్చేవి. ఒక ఏడాది మొత్తం అలాగే పోయింది, తప్పు నా చేతిదేమో అనుకుని కుమిలిపోయాను.

ఇప్పుడు అసలు విషయం. అన్నం తిన్నాక రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. అది బీటా కణంలోకి వెళ్లి, మండి, ఏటీపీ అవుతుంది. (ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనిపెట్టినవారు మన పక్కనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సంవత్సరాల తరబడి ఆ మూడక్షరాలు రాస్తూ కూడా నేను ఈ సంగతి తలుచుకోలేదు.) కణం గోడలో పొటాషియం బయటికి పోయే తూము ఒకటి ఉంటుంది. ఏటీపీ పెరిగితే ఆ తూము మూసుకుంటుంది. అది మూసుకుంటే కాల్షియం తూము తెరుచుకుంటుంది. కాల్షియం లోపలికి రాగానే ఇన్సులిన్ సంచులు గోడ దగ్గర పగిలి బయట పడతాయి. బీటా కణంలో ఈ తూము ఉందని 1984లో తెలిసింది. ఆ సంచులు గోడ దాకా నడవడానికి కావలసిన చిన్న ప్రోటీన్ల మీద డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో మన ఆంజనేయులు కౌలూరుగారు ఎంతో పని చేశారు.

తినకపోతే? గ్లూకోజు తగ్గుతుంది, తూము తెరుచుకునే ఉంటుంది, ఇన్సులిన్ ఆగుతుంది. అంటే మనం తిన్నామో లేదో ఆ కణానికి తెలుసు.

మాత్రకు తెలియదు. గ్లైబెన్‌క్లమైడ్ అనే మాత్ర వెళ్లి ఆ తూమును తనే మూసేస్తుంది. గ్లూకోజు తక్కువున్న పళ్లెంలో పుటికలుంచి, ఈ మందు కలిపితే ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది. ఆ గ్రాఫు నా చేత్తో గీశాను. అందరూ బాగుందన్నారు.

1994 కార్తీక సోమవారం. అమ్మ అప్పుడు కైకలూరు అవతల, కొల్లేటి గట్టున అమ్మమ్మగారి ఊళ్లో ఉంది. నక్షత్రం చూసేదాకా ఉపవాసం. పొద్దున్నే, ఎప్పటిలాగే, గ్లైబెన్‌క్లమైడ్ వేసుకుంది. మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమట, సంబంధం లేని మాటలు. నీరసమేలే, చుక్క చూశాక తింటే సర్దుకుంటుందని అందరూ అనుకున్నారు. సాయంత్రానికి స్పృహ తప్పింది. చెరువు దగ్గర చేపల లోడుకు వచ్చిన వ్యాను ఉంటే, ఐసు దింపేసి అందులో ఏలూరు తీసుకెళ్లారు. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచింది, మళ్లీ పడిపోయింది, మళ్లీ ఎక్కించారు. ఆ మందు చాలాసేపు ఒంట్లో ఉంటుంది. రెండు రోజులు అక్కడే ఉంచారు.

మా అన్నయ్య ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి చెప్పినప్పుడు అదే మందు సీసా నా బల్ల మీద ఉంది. ఉపవాసం రోజు మాత్ర సంగతి డాక్టరుని అడగమని అమ్మకు ఒక్క ఉత్తరంలోనైనా రాయలేదు. ఆవిడ బతికింది కాబట్టి ఇవాళ ఇది మీ ముందు చెప్పగలుగుతున్నాను. తర్వాత వచ్చినప్పుడు అడిగింది: "నువ్వు చదివేది ఈ మాత్ర గురించేనటగా, అన్నయ్య చెప్పాడు." అవునన్నాను. ఇంకేమీ అనలేదు, కంచంలో అన్నం పెట్టింది.

మందును తిడుతున్నానని అనుకోకండి. ఆ తూము జన్యువులోనే లోపంతో పుట్టే పిల్లలున్నారు, నెలల వయసులోనే షుగర్ వస్తుంది. ఆ సంగతి 2004లో ఇంగ్లండువాళ్లు పట్టుకున్నారు. పుట్టినప్పట్నుంచీ సూదులతో బతికినవాళ్లకి ఇదే జాతి మాత్రలిచ్చి చూస్తే 49 మందిలో 44 మంది ఇన్సులిన్ మానేయగలిగారు. ఆ పేపరు చదివిన రోజు అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "పసివాళ్లకి మంచిదైతే చాలు" అంది.

మీలో గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నవాళ్లు చాలామంది ఉంటారు. అదీ ఈ కుటుంబమే. ఉపవాసం ఉండే అలవాటుంటే, ఉపవాసానికి ముందే మీ డాక్టరుని అడగండి, మీ అంతట మీరు మానేయకండి కూడా. చెమట, వణుకు, తికమక వస్తే ముందు చక్కెర నోట్లో వేసుకోండి, స్పృహ లేనివాళ్లకి మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

వెనక నుంచి వడ్డనలు మొదలయ్యాయని సైగ చేస్తున్నారు. పొద్దున మాత్ర వేసుకుని వచ్చినవాళ్లు ముందు పంక్తిలో కూర్చోండి. మిగతా ప్రశ్నలు భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.